పల్లకిపై వచ్చే పండుగ – అహోబిలం పారువేట



జీర్ణోద్ధరణ అనగానే మన దృష్టి గోపురంపైన, విమానంపైన నిలుస్తుంది. కుంభాభిషేకం ముగిసిన మరునాటి నుండి ఆలయాన్ని నిలబెట్టేది మాత్రం ఉత్సవమే. దీనికి నిదర్శనం వెదకుటకు గడివేముల నుండి దూరం పోనక్కరలేదు. మన నంద్యాల సీమలోనే అహోబిలం ఉన్నది.

మన పండుగలలో పెక్కు తిథిని అనుసరించి వచ్చేవే. ఉగాది, ఏరువాక పున్నమి, వినాయక చవితి, దసరా, కార్తికంలో ఒకే దినమున తొమ్మిది నందులను సేవించే నవనందుల యాత్ర, మహానందిలోను మన మండలంలోని దుర్గాభోగేశ్వరంలోను శివరాత్రి జాగరణ – అన్నీ చంద్రుని లెక్కే. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 దినములే కనుక 32, 33 నెలలకొక అధికమాసం చేర్చి సరిచేస్తారు. ఆ సవరణ లేని హిజ్రీ లెక్కను బట్టి పీర్ల పండుగ ఋతువులన్నీ తిరిగి వస్తుంది. ఎప్పుడు వచ్చినా చక్కెర చదివించేవారిలో హిందువులూ ఉంటారు.

సంక్రాంతి మాత్రం సూర్యునిది. కనుమనాడే అహోబిల నారసింహుని పారువేట ఆరంభమవుతుంది. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహస్వామిని, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదస్వామిని ఒకే పల్లకిలో వేంచేపు చేస్తారు. చెంచులక్ష్మిని పెండ్లాడిన స్వామి చెంచులకు అల్లుడు. చెంచులు పల్లకి వైపు బాణములు సంధించి వదలిన పిమ్మటనే యాత్ర సాగుతుంది. ఫాల్గుణ మాసంలో జరిగే తన కల్యాణానికి స్వామియే స్వయంగా ఇల్లిల్లూ పిలువబోతాడట! ఆళ్ళగడ్డ ప్రాంతంలోని 30కి పైగా గ్రామాలలో, ఇంచుమించు 40 దినములు ఈ సంచారం. ఊరూర పల్లకిని దించే కట్టడానికి ‘తెలుపు’ అని పేరు. గుడికి రాలేని వృద్ధునికీ ఆనాడు ఇంటి ముంగిటనే దర్శనం. 1398లో నెలకొన్నదని చెప్పే అహోబిల మఠపు తొలి జీయరే ఈ ఆచారానికి ఆద్యులని సంప్రదాయం.

జనవరి 26న, 1950లో గణతంత్రమైన దినాన్ని స్మరించి పల్లె బడిలో జెండా ఎగురవేసే వేళకు స్వామి ఏటా ఈ యాత్రలోనే ఉంటాడు. రెండూ సూర్యుని లెక్కనే నడిచేవి కనుక ఈ కలయిక తప్పదు.

దాతలైన మీకు ఇక్కడ ఒక శాసనాన్ని గుర్తుచేయాలి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఆభరణములు సమర్పించుకొన్న ఈ క్షేత్రం, 1579 ప్రాంతంలో హండె నాయకుల తోడుగా వచ్చిన గోల్కొండ సేనల పాలై అయిదారేండ్లు వారి చేతనే ఉండిపోయింది. నాటి జీయరు స్వయంగా వెళ్ళి విజయనగర ప్రభువు శ్రీరంగరాయలకు మొరపెట్టుకొన్నారు. రాజాజ్ఞపై కొండ్రాజు వంశీయులు క్షేత్రాన్ని విడిపించి, ఆలయాన్ని పునరుద్ధరించారు. 1584 ప్రాంతపు శాసనం ఈ వృత్తాంతం చెబుతున్నది. ఆ జీయరు మొర వినేవారు లేకపోయి ఉంటే, నేడు కనుమనాడు బయలుదేరడానికి పల్లకి ఎక్కడిది?

మాఘం గడచి ఫాల్గుణం వచ్చేసరికి స్వామి తిరిగి కొండ చేరుకుంటాడు. బ్రహ్మోత్సవాలకు ధ్వజం ఎత్తుతారు. తమ తెలుపుపై స్వామికి హారతి పట్టిన ఊళ్ళవారు, పిలుపు అందిన పెండ్లివారై, అహోబిలం దారి పడతారు.