చల్లదనం కథ: మంచు ఓడ నుంచి మన ఫ్రీజరు దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. రాజుల గురించీ యుద్ధాల గురించీ రాసేంత పాండిత్యం నాకు లేదు. అందుకని మన వంటింట్లో ఓ మూల నిలబడి రాత్రింబవళ్ళు గుర్రుమనే పెట్టె చరిత్ర రాస్తున్నాను. దీని మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం నేను చేసిన ఒక పొరపాటు.

నేను రిటైరైన మూడో వేసవిలో మా శ్రీమతికి ఇన్సులిన్ మొదలుపెట్టారు. చల్లగా ఉంచమన్నారు మందుల షాపువారు. ఎండలు మండిపోతున్నాయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకుని సీసాలన్నీ ఫ్రీజరులో ఐసు ట్రే పక్కన పెట్టాను. సూది వేసే ముందు తీసి కరగనిచ్చేవాళ్ళం. పది రోజుల్లో ఆవిడ షుగరు మూడు వందలు దాటింది. నాకు తెలియకుండా తీపి తింటోందేమోనని నాలుగు మాటలు కూడా అన్నాను. చివరికి డాక్టరుగారు "సీసా ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగేసరికి అసలు సంగతి బయటపడింది. ఇంటికొచ్చాక ఆవిడ, "పది రోజులు నన్ను దొంగను చేశారు కదండీ" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదు. దాన్ని పారేయవలసిందే. దాని స్థానం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండే కింది అరల్లో. ఫ్రీజరును ఆనుకుని కూడా పెట్టకూడదు. ఇంతకీ ఈ చల్లదనం మన ఇళ్ళకు ఎలా వచ్చిందో చూద్దాం.

మన పెద్దలకు చల్లదనమంటే కొత్తకుండ నీళ్ళు, తడిగుడ్డ చుట్టిన కూజా. పదార్థాలు నిలవ ఉంచడానికి ఉప్పు, నూనె, ఎండ ఉండేవి. ఊరగాయలు, వడియాలు, ఒరుగులు, ఎండుచేపలు అలా వచ్చినవే. ఐసుగడ్డ మాత్రం మనకు ఓడెక్కి వచ్చింది. అమెరికాలోని బోస్టనుకు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1833 మే నెలలో 'టస్కనీ' అనే ఓడలో 180 టన్నుల చెరువు మంచును కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణం, రెండుసార్లు భూమధ్యరేఖ దాటాలి. అయినా సెప్టెంబరులో ఓడ చేరేసరికి ఇంకా సుమారు 100 టన్నులు మిగిలింది! మంచుగడ్డలను సందు లేకుండా పేర్చి, చుట్టూ వేడి చొరబడని పొట్టు దట్టించడమే అందులోని రహస్యం.

మద్రాసు సముద్రతీరంలో మంచు నిలవకు 1842 ప్రాంతంలో కట్టిన భవనమే ఐస్ హౌస్. యంత్రాలతో ఐసు తయారుచేయడం వచ్చాక ఆ వ్యాపారం మూతపడింది. ఆ భవనంలోనే 1897లో వివేకానందస్వామి బస చేశారు. నేడది వివేకానంద ఇల్లం.

ఆ ఓడ మన ఫ్రీజరుకు ఒక పాఠం చెబుతుంది. గడ్డకట్టిన వస్తువులు దగ్గరగా ఉంటే ఒకదాని చలిని ఒకటి కాపాడుకుంటాయి. తలుపు తెరవకపోతే, నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజరులో కరెంటు పోయినా సుమారు 48 గంటలు, సగం నిండితే 24 గంటలు చలి నిలుస్తుంది. ఫ్రిజ్ మీద ఉండే చిన్న ఐసుగదికి అంత శక్తి లేదు. తలుపు రబ్బరు వదులైనా చలి పోతుంది. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూయండి. లాగగానే జారి వచ్చేస్తే రబ్బరు మార్చే సమయం వచ్చిందన్నమాట.

ఇక రెండో ఘట్టం. 1912 నుంచి కెనడా తూర్పున లాబ్రడార్‌లో ఉన్న క్లారెన్స్ బర్డ్స్ ఐ అనే అమెరికన్, అక్కడివారు పట్టిన చేప ఆ చలిగాలిలో క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండడం గమనించాడు. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు పలుకులు ఏర్పడి పదార్థంలోని కణాలను చీల్చేస్తాయి. త్వరగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉంటాయి. 1930లో ఆయన పద్ధతిలో తయారైన ఆహార పొట్లాలు అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. మనమూ బఠాణీలైనా, కొబ్బరి కోరైనా, చేపముక్కలైనా పలుచని చిన్న పొట్లాలుగా కట్టి, తేదీ రాసి పెట్టాలి. వేడి గిన్నెను తిన్నగా పెట్టరాదు. ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ చలి సూక్ష్మజీవుల్ని నిద్రపుచ్చుతుందే గాని చంపదు. కాబట్టి మాంసాన్ని బయట గట్టు మీద కాక ఫ్రిజ్ కింది అరలో కరిగించాలి.

మూడోది గ్యాసు కథ. తొలి ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడు వంటి విషవాయువులు వాడేవారు. అవి లీకై ప్రాణాలు పోయేవి. అలాంటి వార్త చదివి కలత చెంది ఐన్‌స్టీన్, జిలార్డ్ కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌ను రూపొందించి, 1930లో అమెరికాలో పేటెంటు పొందారు. దాదాపు అప్పుడే విషం కాని, మండని ఫ్రియాన్ వచ్చింది. అది ఓజోను పొరను తినేస్తుందని 1974లో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో మన దేశమూ అందులో చేరింది. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేన్. ఓజోనుకు హాని లేదు గాని మండే స్వభావం గలది. ఐసు పేరుకుందని చాకుతో గీకితే గొట్టానికి చిల్లు పడుతుంది. ఐసు అర సెంటీమీటరు మందం కాగానే స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, తలుపు తెరిచి దానంతట దాన్ని కరగనివ్వాలి. పేరుకున్న ఐసు చలిని అడ్డగించి కరెంటు బిల్లు పెంచుతుంది.

మన దేశంలో తయారైన ఫ్రిజ్‌ను 1958లో గోద్రెజ్ వారు తెచ్చారు. మన హైదరాబాదు ఆల్విన్ ఫ్రిజ్ చాలామంది ఉద్యోగుల ఇళ్ళలో మొదటి ఫ్రిజ్. వాయిదాల మీద కొని, హాల్లో పెట్టి, పైన లేసుగుడ్డ కప్పి, వచ్చినవాళ్ళందరికీ చల్లని నీళ్ళిచ్చి మురిసిపోయిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

చివరగా ఒక చిట్కా. పిల్లల దగ్గరికి నెలల తరబడి వెళ్ళే మిత్రులు ఒక కప్పులో నీళ్ళు గడ్డకట్టించి, దానిమీద రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి. తిరిగొచ్చాక బిళ్ళ పైనే ఉంటే సరే. అడుగున ఉంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. లోపలివన్నీ నిర్దాక్షిణ్యంగా పారేయండి.

మా ఇంట్లో ఇన్సులిన్ ఇప్పుడు మధ్య అరలో, మూతున్న డబ్బాలో ఉంటోంది. ఆ డబ్బా మీద "ఫ్రీజరులో పెట్టరాదు" అని చీటీ అంటించింది మా శ్రీమతి. అది ఎవరి కోసమో నేను అడగలేదు.