విల్ఫ్రిడ్ పంపిన రాజు: రెండవ డాగోబర్ట్ కథ

ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ నుంచి టైన్ నది వెంట పడమటికి సుమారు 35 కిలోమీటర్లు వెళితే హెక్సామ్ వస్తుంది. అక్కడి పెద్ద చర్చి అడుగున, నిటారైన మెట్లు దిగి చేరుకునే నేలమాళిగ ఒకటుంది. 670ల నాటిది. గోడల దగ్గరికెళ్లి చూస్తే రాళ్ల మీద రోమన్ల చెక్కడపు పని కనిపిస్తుంది. పక్కనే కార్‌బ్రిడ్జ్‌లో పాడుబడ్డ రోమన్ కట్టడాలను విప్పి తెచ్చి పేర్చారు. ఒక శాసనపు రాయి మీద సెవెరస్ చక్రవర్తి చిన్నకొడుకు గేటా పేరును ఉలితో చెరిపేశారు. అన్న కారకల్లా తమ్ముణ్ణి చంపించి, పేరు కూడా మిగలకుండా తుడిపించాడు.

ఈ నేలమాళిగను కట్టించినవాడు విల్ఫ్రిడ్, అప్పట్లో నార్తంబ్రియా రాజ్యం మొత్తానికీ బిషప్. 676లో ఇతడే నార్తంబ్రియా నుంచి ఫ్రాంకులకు ఒక రాజును పంపాడు. ఆ రాజు రెండవ డాగోబర్ట్. గేటా పేరులాగే అతని పేరూ చాలాకాలం చరిత్రలో కనిపించకుండా పోయింది.

డాగోబర్ట్ తండ్రి మూడవ సిగెబర్ట్, ఫ్రాంకుల తూర్పు రాజ్యమైన ఆస్ట్రేసియాకు రాజు. 656లో తండ్రి చనిపోయేనాటికి కొడుకు నాలుగైదేళ్ల పసివాడు. రాజ్య వ్యవహారాలు అప్పటికే రాజసౌధ ప్రధాని గ్రిమోల్డ్ చేతిలో ఉన్నాయి. అతడు పిల్లవాణ్ణి చంపలేదు, గుండు చేయించాడు. ఫ్రాంకులను ఏలే మెరోవింజియన్ వంశానికి పొడుగు జుట్టే రాజచిహ్నం. తిరుమలలో తలనీలాలు ఇచ్చే మనకు గుండు మొక్కు తీరిన గుర్తు, వాళ్లకది రాజరికం పోయిన గుర్తు. పొయిటియే బిషప్ డిడో ఆ పిల్లవాణ్ణి ఐర్లండ్‌కు తీసుకెళ్లి వదిలాడు. ఆస్ట్రేసియాలో గ్రిమోల్డ్ సొంత కొడుకు సింహాసనమెక్కాడు. అది ఎంతో కాలం నిలవలేదు, గ్రిమోల్డ్‌ను పారిస్‌లో చంపేశారు. అయినా ఐర్లండ్‌లోని కుర్రాణ్ణి మాత్రం ఎవరూ పిలవలేదు. దాదాపు 20 ఏళ్లు అతడు పరాయి నేలమీదే పెరిగి పెద్దవాడయ్యాడు.

675లో రాజు రెండవ చైల్డెరిక్‌ను, గర్భిణి అయిన రాణితో సహా అడవిలో చంపేశారు. ఆస్ట్రేసియా ప్రభువులకు అర్జెంటుగా ఒక మెరోవింజియన్ కావాల్సి వచ్చింది. డాగోబర్ట్ బతికే ఉన్నాడని, మంచి వయసులో ఉన్నాడని సముద్రం మీద తిరిగేవాళ్లు చెప్పగా విని, విల్ఫ్రిడ్‌కు కబురు పంపారు. విల్ఫ్రిడ్ వాళ్లకు కొత్తవాడు కాదు. లియాన్‌లో చదువుకున్నాడు, బిషప్ పట్టం కట్టించుకున్నదీ ఫ్రాంకుల నేలమీద కాంపియెన్‌లోనే. అతడు డాగోబర్ట్‌ను ఐర్లండ్ నుంచి రప్పించి, ఆయుధాలూ మనుషులూ ఇచ్చి, ఘనంగా సాగనంపాడు.

ఇంచుమించు అదే కాలంలో మన దక్షిణాన కూడా ఇలాంటిదే జరిగింది. ప్రవాసంలో ఉన్న సింహళ రాజకుమారుడు మానవమ్మకు కంచి పల్లవులు సైన్యమిచ్చి అనురాధపురం గద్దె ఎక్కించారు. మానవమ్మ దశాబ్దాలు పాలించాడు, అతని వంశమూ నిలిచింది. డాగోబర్ట్‌కు దక్కింది మూడేళ్లు.

ఆ మూడేళ్ల గురించి తెలిసింది కొంచెమే. పడమటి రాజు మూడవ థియోడెరిక్‌తో సరిహద్దుల్లో యుద్ధం జరిగింది. విల్ఫ్రిడ్ మేలు మాత్రం డాగోబర్ట్ మరవలేదు. 678లో నార్తంబ్రియా రాజు ఎగ్‌ఫ్రిత్ విల్ఫ్రిడ్‌ను వెళ్లగొట్టాడు. మరుసటి ఏడు, న్యాయం కోసం రోముకు పోతూ అతడు డాగోబర్ట్ కొలువుకొచ్చాడు. స్ట్రాస్‌బర్గ్ బిషప్ పీఠం తీసుకోమని రాజు బతిమాలాడు. విల్ఫ్రిడ్ ఒప్పుకోకపోతే కానుకలిచ్చి, తోడుగా బిషప్ డియోడాటస్‌ను పంపాడు.

రోము నుంచి తిరిగొచ్చేసరికి ఆదరించిన రాజు లేడు. 679 డిసెంబరు 23న స్టెనే దగ్గరి వోవ్‌ర్ అడవిలో డాగోబర్ట్‌ను హత్య చేశారు. దారిలో ఒక ఫ్రాంకు బిషప్ విల్ఫ్రిడ్‌ను అడ్డగించి, ఊళ్లు పాడుచేసిన, పెద్దల మాట వినని, ప్రజల మీద పన్నుల భారం మోపిన రాజును మాకెందుకు అంటగట్టావని నిలదీశాడట. ప్రవాసిని ఆదుకోవడం దేవుడి ఆజ్ఞ, రాజవంశపు బిడ్డ నీ గడప తొక్కి ఉంటే నువ్వేం చేసేవాడివని విల్ఫ్రిడ్ ఎదురడిగాడట. విల్ఫ్రిడ్ చరిత్ర రాసిన స్టీఫెన్ ఈ సంవాదాన్ని గురువు గెలుపుగా రాశాడు. నాకు మాత్రం ఆ ఫ్రాంకు బిషప్ మాటల్లోనే డాగోబర్ట్ పాలన వినిపిస్తుంది. ఊహ తెలిసినప్పటినుంచీ పరాయి దేశంలో పెరిగినవాడికి ఆస్ట్రేసియాలో తనవాళ్లంటూ ఎవరున్నారు? పన్ను అడిగితే శత్రువయ్యాడు, అండగా నిలిచే బలగం లేదు. అతని తర్వాత ఆస్ట్రేసియాలో పైచేయి సాధించినవాడు రెండవ పిపిన్, గుండు చేయించిన ఆ గ్రిమోల్డ్‌కు మేనల్లుడే. షార్లమేన్ చక్రవర్తి ఈ పిపిన్‌కు మునిమనవడు.

డాగోబర్ట్ ఐర్లండ్ నుంచి తిరిగొచ్చిన కథ మనకు చేరింది ఒక్క స్టీఫెన్ వల్లే. టైన్ నదికి దిగువన, న్యూకాసిల్ పక్కనే ఉన్న జారో మఠంలో కూర్చుని బీడ్ 731లో ఇంగ్లీషు జాతి చర్చి చరిత్ర ముగించాడు. విల్ఫ్రిడ్ జీవితాన్ని అందులో చాలానే చెప్పాడు, డాగోబర్ట్ ఊసెత్తలేదు. స్టెనేలో జనం అతణ్ణి సెయింటుగా కొలిచినా, రాజుల జాబితాల్లో మాత్రం అతనికి చోటు లేకపోయింది. 17వ శతాబ్దంలో ఆడ్రియన్ ద వాల్వా, గాడ్‌ఫ్రీ హెన్షెన్ పాత రాతలు పోల్చి చూసి, ఇలాంటి రాజు ఒకడున్నాడని తేల్చారు. హెన్షెన్ 1655లో ముగ్గురు డాగోబర్ట్‌ల మీద పుస్తకమే వేశాడు. దాంతో 715లో చనిపోయిన డాగోబర్ట్, అప్పటిదాకా రెండవవాడిగా లెక్కకొచ్చినవాడు, మూడవవాడయ్యాడు.