మసక సీసా

లండన్ మీద పొగమంచు కమ్మేసింది. 1963 డిసెంబర్, మొదటి వారం. ఉగాండా నుంచి వచ్చిన విమానం దిగే దారి లేక మాంచెస్టర్‌కి మళ్లింది. అందులో ఓ చిన్న సీసా ఉంది. సీసాలో, ఓ బిడ్డ దవడ నుంచి కోసి తీసిన గడ్డ ముక్క.

మిడిల్‌సెక్స్ ఆసుపత్రి ల్యాబ్‌లో ఆంథొనీ ఎప్‌స్టీన్ ఎదురుచూస్తున్నాడు. రెండున్నరేళ్ల కిందట ఇదే ఆసుపత్రిలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ప్రసంగించాడు. ఆఫ్రికా పిల్లల దవడలు ఉబ్బించేసే ఓ క్యాన్సర్ గురించి. వేడీ వానా ఎక్కువున్న చోటే వస్తుందట. అయితే ఏదో పురుగు మోసే వైరస్సేనా? ఆ అనుమానం ఎప్‌స్టీన్‌ని వదల్లేదు. అప్పట్నుంచీ ముక్క మీద ముక్క తెప్పిస్తున్నాడు. ఒక్కదాంట్లోనూ వైరస్ జాడ లేదు.

సీసా చేతికొచ్చేసరికి పొద్దు వాలింది. ఎత్తి చూశాడు. లోపలి ద్రవం మసగ్గా ఉంది. బ్యాక్టీరియా పట్టిందంటే ఇక పారబొయ్యడమే.

పారబొయ్యలేదు. ఓ చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. బ్యాక్టీరియా కాదు! దారిపొడుగునా కుదుపులకి గడ్డ అంచుల నుంచి ఊడొచ్చిన కణాలు, ఒక్కొక్కటీ విడివిడిగా, బతికే తేలుతున్నాయి. ముక్కల్ని ముక్కలుగానే పెంచబోయి ఇన్నాళ్లూ భంగపడ్డవాళ్లు, ఈసారి ఈ విడి కణాలనే పోషక ద్రవంలో వదిలారు. సహాయకురాలు ఇవోన్ బార్ సాకుతుంటే, అవి చావకుండా పెరిగి పెరిగి, చివరికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కిందకి వెళ్లేటన్ని అయ్యాయి.

1964 ఫిబ్రవరి 24. చీకటి గది. మొదటి గడిలోనే, ఓ కణం నిండా వైరస్. గుండె ఝల్లుమంది. ఈ ఎలక్ట్రాన్ల వేడికి నమూనా మాడిపోతే? టక్కున స్విచ్ కట్టేశాడు. కోటు కూడా తొడుక్కోకుండా మంచు పడుతున్న వీధిలోకి నడిచాడు. భవనం చుట్టూ తిరిగొచ్చి, మళ్లీ స్విచ్ నొక్కాడు.

అక్కడే ఉంది. హెర్పిస్ కుటుంబం వైరస్. నెల తిరిగేసరికి ఎప్‌స్టీన్, సహోద్యోగి అచాంగ్, బార్ పేర్లతో లాన్సెట్‌లో అచ్చయింది. కానీ ఆ వైరస్ కథ దవడతో ఆగలేదు.

ముక్కు వెనక, అంగిలి పైన ఓ మూల ఉంది. నేసోఫారింక్స్. అక్కడ క్యాన్సర్ మొదలైనా మనిషికి తెలీదు. మెడలో గడ్డ తగిలేదాకా చాలామంది డాక్టర్ దగ్గరికే వెళ్లరు. దక్షిణ చైనాలో ఇది ఎక్కువ. మన దేశంలో నాగాలాండ్‌లోనూ కనిపిస్తుంది. గొంతు క్యాన్సర్ అనగానే మనం పొగాకునే తిడతాం గానీ, ఇక్కడ అసలు అనుమానితుడు వేరే. 1966లో ఈ రోగుల రక్తంలో ఆ వైరస్ యాంటీబాడీలు కనిపించాయి. 1970లో హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం గడ్డలోనే దాని డీఎన్ఏని పట్టుకుంది. చిక్కేంటంటే, పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్ సోకినవాళ్లే. మరి వీళ్లలో రోగిని ఏరేదెలా?

దారి హాంకాంగ్‌లో దొరికింది. కణితి కణాలు చచ్చినప్పుడల్లా వైరస్ డీఎన్ఏ తునకలు రక్తంలోకి రాలతాయి. 1999లో డెన్నిస్ లో బృందం వాటి కోసం ప్లాస్మాని వెతికింది. 57 మంది రోగుల్లో 55 మందికి దొరికాయి. అయితే రోగం ముదరకముందే దొరుకుతాయా?

ఏ లక్షణమూ లేని మగవాళ్లని పిలిచారు. 40 నుంచి 62 ఏళ్ల వాళ్లు, 20,174 మంది. రక్తం తీశారు. అనుమానం ఉన్నవాళ్లకి కొన్ని వారాలాగి మళ్లీ తీశారు. రెండుసార్లూ పాజిటివ్ వచ్చినవాళ్లు 309 మంది. ముక్కులోంచి ఎండోస్కోప్, ఆపైన ఎంఆర్ఐ. 34 మందిలో క్యాన్సర్ బయటపడింది. వాళ్లలో 71 శాతం మందికి ఇంకా తొలి దశలే. అంతకుముందు, లక్షణాలు ముదిరాక వచ్చేవాళ్లలో అలా దొరికింది 20 శాతమే.

ఆ 309 మందిలో తొమ్మిది మంది మాత్రం తర్వాతి పరీక్షలకి ఒప్పుకోలేదు. వాళ్లలో ఒకాయన 32 నెలలకి ఆసుపత్రికొచ్చాడు. అప్పటికే ముదిరిపోయింది.