డౌన్‌లోడ్ చేశాక ఫైల్ తెరుచుకోవడం లేదా? ప్రభుత్వ సైట్లలో ఏది నొక్కాలి, ఏది నొక్కకూడదు?

ఆదాయపు పన్ను రిటర్ను వేద్దామని పోర్టల్ తెరుస్తారు. 'డౌన్‌లోడ్స్' అని కనిపిస్తుంది. నొక్కితే ఐటీఆర్-1, ఐటీఆర్-2, ఐటీఆర్-3 అంటూ వరుసగా పేర్లు. వాటి కింద కామన్ ఆఫ్‌లైన్ యుటిలిటీ, ఎక్సెల్ యుటిలిటీ, స్కీమా, వ్యాలిడేషన్ రూల్స్. నెల జీతం మీద బతికే ఉద్యోగి వీటిలో ఏది నొక్కాలి?

చాలామందికి అసలు ఏదీ అక్కర్లేదు. ఐటీఆర్-1 వేసేవారు పోర్టల్‌లో లాగిన్ అయి ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయవచ్చు. స్కీమా అనేది సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారి కోసం పెట్టిన ఫైల్. యుటిలిటీ అంటే వివరాలను ముందుగా కంప్యూటర్‌లో నింపుకొని, తర్వాత అప్‌లోడ్ చేయడానికి ఉపయోగపడే సాధనం. ఈ రెండు ముక్కలు తెలిస్తే పని పది నిమిషాల్లో తేలిపోతుంది. తెలియకపోతే సగం రోజు పోతుంది, లేదా ఇంటర్నెట్ సెంటర్‌లో డబ్బులు పోతాయి.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. అసలు పేజీ అర్థం కానివారు గూగుల్‌లో వెతుకుతారు. లేదా వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కుతారు. సైబర్ నేరగాళ్లు కాచుకుని ఉండేది అక్కడే.

పేజీలో కనిపించే మాటలకు అర్థం ఏమిటి?

జిప్: కొన్ని ఫైళ్లను కలిపి కట్టిన మూట. విప్పకుండా లోపలి ఫైల్‌ను నేరుగా తెరిస్తే సరిగా పనిచేయకపోవచ్చు. కంప్యూటర్‌లో ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' నొక్కాలి. అప్పుడు వచ్చే కొత్త ఫోల్డర్‌లోని ఫైల్‌ను తెరవాలి.

ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ: విండోస్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు. ఫోన్‌లో పనిచేయవు.

ఏపీకే: ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్. ప్లే స్టోర్‌తో సంబంధం లేకుండా ఎవరైనా ఎవరికైనా పంపవచ్చు. అందుకే దీనితో జాగ్రత్తగా ఉండాలి.

32 బిట్, 64 బిట్: కంప్యూటర్ రకం. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్తే మీది ఏదో కనిపిస్తుంది. ఈమధ్య కొన్న కంప్యూటర్లు దాదాపు అన్నీ 64 బిట్‌వే.

వెర్షన్: ఆ సాఫ్ట్‌వేర్ ఎన్నోసారి సవరించినదో చెప్పే అంకె. పన్ను యుటిలిటీల్లో ఇది ముఖ్యం. పాత వెర్షన్‌లో నింపిన రిటర్ను అప్‌లోడ్ దగ్గర తిరస్కరణకు గురికావచ్చు.

మ్యాక్రో: ఎక్సెల్ ఫైల్ లోపల లెక్కలు, తనిఖీలు నడిపే చిన్న ప్రోగ్రామ్. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలు నడవకుండా మైక్రోసాఫ్ట్ 2022 నుంచి అడ్డుకుంటోంది. అందుకే ఎక్సెల్ యుటిలిటీ తెరిచినా బటన్లు కదలవు. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో 'అన్‌బ్లాక్' అనే గడిలో టిక్ పెట్టాలి. అధికారిక పోర్టల్ నుంచి మీరే స్వయంగా తీసుకున్న ఫైల్‌కు మాత్రమే ఇలా చేయాలి. మెయిల్‌లోనో, వాట్సాప్‌లోనో వచ్చిన ఎక్సెల్ ఫైల్‌కు చేయకూడదు.

ఈ-ఆధార్ దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు?

డౌన్‌లోడ్ అయిన పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలామంది ఓటీపీని, ఫోన్ నంబరును, ఆధార్ నంబరును కొట్టి చూస్తారు. అవేవీ కావు. ఆధార్‌లో ఉన్న ఇంగ్లిష్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు పెద్ద బడిలో, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. లక్ష్మి అనే పేరుతో 1985లో పుట్టినవారికి ఎల్, ఏ, కే, ఎస్ తర్వాత 1985. మొత్తం ఎనిమిది. మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటే ఆ అక్షరాలే లెక్కలోకి వస్తాయి. పేరు ఒకటి కొడుతూ 'తప్పు' అని వస్తుంటే ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఫైల్ తెరిచాక కింద సంతకం దగ్గర ప్రశ్నార్థకం, 'వ్యాలిడిటీ అన్‌నోన్' అనే మాట కనిపించవచ్చు. అంటే కార్డు నకిలీదని కాదు. ఆ డిజిటల్ సంతకాన్ని నమ్మవచ్చని మీ కంప్యూటర్‌కు ఇంకా ఎవరూ చెప్పలేదని అర్థం. అడోబీ రీడర్‌లో ఆ సంతకాన్ని ఒకసారి ధ్రువీకరిస్తే ప్రశ్నార్థకం స్థానంలో టిక్ గుర్తు వస్తుంది.

మంచి డౌన్‌లోడ్ పేజీ ఎలా ఉండాలి?

ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు మన దేశంలో 2009 నుంచే ఉన్నాయి. జీఐజీడబ్ల్యూ అని పిలిచే వీటి మూడో రూపం 2023లో వచ్చింది. డౌన్‌లోడ్ చేసుకునే ప్రతి దానికీ పేరు, ఫార్మాట్, సైజు, ఎలా వాడాలో చెప్పే సూచనలు ఉండాలన్నది వీటిలోని నియమమే. అంటే వినియోగదారుడు అడుగుతున్నది కొత్త కోరిక కాదు, ఉన్న నియమాన్ని పాటించమనే.

ఆచరణలో ఇది కష్టమేమీ కాదని చెప్పే ఉదాహరణలు ఉన్నాయి. వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ సైట్‌కు వెళ్తే, మీరు వాడుతున్నది విండోసా, మ్యాకా అన్నది సైటే గుర్తిస్తుంది. సరిపోయే ఒకే ఒక పెద్ద బటన్ చూపిస్తుంది. మిగతా రకాలు కావాల్సినవారికి పక్కన చిన్న జాబితా ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో పత్రాల పక్కన అది పీడీఎఫా, ఎంత సైజు, ఎన్ని పేజీలు అన్నది రాసి ఉంటుంది. మొబైల్ డేటా చూసుకుని వాడేవారికి ఆ ఒక్క అంకె ఎంతో ఉపయోగం.

బటన్ నొక్కకముందే పేజీ ఈ అయిదు ప్రశ్నలకు మామూలు మాటల్లో జవాబు చెప్పాలి:

• ఇది ఎవరికి కావాలి? ఎవరికి అక్కర్లేదు?
• ఫోన్‌లో పనిచేస్తుందా, కంప్యూటర్‌లోనే పనిచేస్తుందా?
• సైజు ఎంత? ఎప్పుడు సవరించారు?
• డౌన్‌లోడ్ అయ్యాక మొదట ఏం చేయాలి? పాస్‌వర్డ్ ఉంటే ఏమిటి?
• ఆగిపోతే ఎవరిని అడగాలి?

ఈ జవాబులు తెలుగులోనూ ఉండాలి. యంత్రం అనువదించిన తెలుగు కాదు, చదివితే అర్థమయ్యే తెలుగు. 'డౌన్‌లోడ్' అనే మాట అందరికీ తెలుసు. దాన్ని 'దిగుమతి' అని రాస్తే ఉన్న స్పష్టత కూడా పోతుంది.

అసలు సైటా, నకిలీదా? ఎలా తెలుస్తుంది?

అడ్రస్‌ను ముందు నుంచి కాదు, వెనక నుంచి చదవాలి. 'హెచ్‌టీటీపీఎస్' పక్కనున్న జంట ఏటవాలు గీతలు దాటాక వచ్చే మొదటి ఏటవాలు గీత వరకు చూడండి. ఆ గీతకు సరిగ్గా ముందు 'డాట్ జీఓవీ డాట్ ఇన్' లేదా 'డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్' ఉంటే అది ప్రభుత్వ సైట్. జీఓవీ అనే మాట మధ్యలో ఎక్కడో ఉండి చివర డాట్ కామ్, డాట్ ఆన్‌లైన్ లాంటివి ఉంటే అనుమానించాలి.

అన్ని ప్రభుత్వ రంగ సంస్థలూ ఈ పేరు వాడవు. ఉదాహరణకు రైల్వే టికెట్ల ఐఆర్‌సీటీసీ అడ్రస్ 'డాట్ సీఓ డాట్ ఇన్'తో ముగుస్తుంది. బ్యాంకులు మాత్రం 2025 అక్టోబరు 31 నాటికి 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కు మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది.

అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే చాలనుకోవద్దు. మీకూ ఆ సైట్‌కూ మధ్య సమాచారం గోప్యంగా వెళ్తోందని మాత్రమే దానికి అర్థం. అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. నకిలీ సైట్లకూ తాళం ఉంటుంది.

యాప్ అయితే ప్లే స్టోర్‌లోనో, యాపిల్ యాప్ స్టోర్‌లోనో తీసుకోవాలి. పేరు కింద ఉండే డెవలపర్ పేరు చూడాలి. ఎంఆధార్ యాప్‌కు అక్కడ యూఐడీఏఐ పూర్తి పేరు ఉంటుంది. ఇంకా సులువైన దారి ఉంది. ముందు ఆ శాఖ అధికారిక సైట్‌కు వెళ్లి, అక్కడున్న లింకు ద్వారా స్టోర్‌కు వెళ్లడం.

వాట్సాప్‌లో ఏపీకే వస్తే?

'ఆర్టీవో చలానా', 'పీఎం కిసాన్' లాంటి పేర్లతో ఏపీకే ఫైళ్లు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచి కూడా రావచ్చు, ఎందుకంటే వాళ్ల ఫోన్ ఇప్పటికే నేరగాళ్ల చేతుల్లోకి వెళ్లి ఉండవచ్చు. ఇన్‌స్టాల్ చేస్తే అది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. 'అలౌ' నొక్కారంటే మీ ఓటీపీలు అవతలివారికి కనిపిస్తాయి. చలానా ఉందో లేదో చూడటానికి యాప్ అక్కర్లేదు. పరివాహన్ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరుతో చూసుకోవచ్చు.

పొరపాటున ఇన్‌స్టాల్ చేసి ఉంటే:

• వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. ఏరోప్లేన్ మోడ్ పెడితే ఎస్ఎంఎస్‌లూ ఆగుతాయి.
• ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా, కార్డు, యూపీఐ నిలిపివేయించండి.
• డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.
• ఫిర్యాదుకు కావాల్సిన మెసేజ్, నంబరు స్క్రీన్‌షాట్లు తీసుకున్నాక యాప్‌ను తొలగించండి. తొలగించడం కుదరకపోతే ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సి ఉంటుంది.

అసలు డౌన్‌లోడ్ లేకుండా కుదరదా?

కొన్ని సేవలకు కుదురుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ ద్వారా సేవలు మొదలుపెట్టింది. 161 సేవలతో ఇది ప్రారంభమైంది. నంబరు 95523 00009. కొత్త యాప్ ఏదీ దించుకోకుండా చాట్‌లోనే పని జరుగుతుంది. డ్రైవింగ్ లైసెన్స్, ఆర్సీ లాంటి పత్రాలను ఒక్కోచోట వెతక్కుండా 2015లో వచ్చిన డిజీలాకర్‌లోనే తీసుకోవచ్చు.

పేజీ అర్థం కాలేదని ఫిర్యాదు చేయవచ్చా?

చేయవచ్చు. సైట్ అడుగున ఉండే 'ఫీడ్‌బ్యాక్' లేదా 'కాంటాక్ట్ అస్' ద్వారా ఆ శాఖకు రాయవచ్చు. కేంద్ర ప్రభుత్వ శాఖల విషయంలో సీపీగ్రామ్స్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే నంబరు ఇస్తారు. దానితో ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. 'సైట్ బాగాలేదు' అని రాస్తే ఉపయోగం ఉండదు. ఏ పేజీ, ఏ బటన్, నొక్కితే ఏం జరిగింది, ఏం రాసి ఉంటే అర్థమయ్యేది అన్న నాలుగు విషయాలు రాసి స్క్రీన్‌షాట్ జతచేయండి.

బటన్ పక్కన ఒక్క వాక్యం లేకపోవడం వల్ల మీ ఇంట్లో పెద్దవారు ఎక్కడ ఆగిపోయారో మీకు తెలుసు. ఆ పేజీని సవరించాల్సిన వారికి తెలియకపోవచ్చు. చెప్పాల్సింది వారికే.