పాత చీము, కొత్త కీలు

1890 మే నెలలో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే సర్జన్ పదిహేడేళ్ల అమ్మాయి మోకాలు తెరిచి, క్షయ తినేసిన ఎముకల కొనలు తీసేసి, ఏనుగు దంతంతో చేయించిన మడత కీలును ఆ చోట బిగించాడు. రాబర్ట్ కాఖ్ క్షయ క్రిమిని లోకానికి చూపించి అప్పటికి ఎనిమిదేళ్లే అయింది. ఇవాళ కీలు మార్పిడి అనగానే వయసు మీదపడి అరిగిపోయిన మోకాళ్లే గుర్తొస్తాయి గానీ, ఈ శస్త్రచికిత్స పుట్టింది క్రిములు పాడుచేసిన కీళ్ల కోసమే. గ్లుక్ అమర్చిన కీళ్లు మొదట బాగానే కదిలాయి. తర్వాత చీము తిరగబెట్టింది. క్షయ చురుగ్గా ఉన్న కీలుకు ఈ పద్ధతి పనికిరాదని చివరికి ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది. 1893లో పారిస్‌లో జూల్ ఎమిల్ పెయాన్ క్షయ సోకిన ఒక రొట్టెల పనివాడి భుజంలో ప్లాటినం గొట్టాలు, పారఫిన్‌తో గట్టిపరచిన రబ్బరు బంతి అమర్చాడు. చేయి కదిలింది. సుమారు రెండేళ్లకు ఇన్‌ఫెక్షన్ వల్ల దాన్ని తీసేయవలసి వచ్చింది. ఈ ఓటముల నుంచి వైద్యలోకం నేర్చుకున్న జాగ్రత్త ఆ కాలానికి సరైనదే. ఆ జాగ్రత్తే క్రమంగా ‘ఇన్నేళ్లు ఆగాలి’ అనే లెక్కగా బిగుసుకుపోయింది. ఆ లెక్క చాలదని నా వాదన. వచ్చిన క్రిమి ఏది, అది నిజంగా పోయిందా, పోతూపోతూ ఎముకనూ కండనూ ఏ స్థితిలో వదిలింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే పాత ఇన్‌ఫెక్షన్ ఉన్న కీలును మార్చాలో వద్దో తేలుతుంది.

గ్లుక్ వెనక్కి తగ్గాక అర్ధ శతాబ్దం పైగా కీళ్ల క్షయకు వైద్యమంటే కీలును కదలనివ్వకపోవడమే. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అంతకుముందే చాటిన సంపూర్ణ విశ్రాంతి సూత్రం అందరికీ దారి చూపింది. రోగులు నెలల తరబడి ఇనుప చట్రాల్లో కాళ్లు పెట్టుకుని పడుకున్నారు. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1910ల నుంచి ఊపిరితిత్తుల క్షయకు ఇచ్చిన శానిటోరియం వైద్యం వెనకా విశ్రాంతి మీద ఇదే నమ్మకం ఉంది. విశ్రాంతితో లొంగని కీలును రెండు ఎముకలూ ఒకటయ్యేలా అతికించేసేవారు. నొప్పి పోయేది, దానితో పాటు కదలికా పోయేది. ఆక్స్‌ఫర్డ్‌లో గర్డిల్‌స్టోన్ ఇంకో దారి పట్టాడు. తుంటిలో కుళ్లిన తొడ ఎముక తలను, మెడను తీసేసి, కీలు లేకుండానే వదిలేశాడు. చీము బయటికి పోయేది, కాలు పొట్టిదయ్యేది. వారణాసిలో ఎస్.ఎం. తులి ఈ పద్ధతిని మన జీవితానికి తగినట్టు తీర్చిదిద్దారు. నేల మీద బాసిపట్టు వేసుకుని, గొంతుక్కూర్చుని బతికే మనిషికి బిగుసుకుపోయిన తుంటి కంటే కీలు లేని తుంటే మేలని ఆయన రోగుల అనుభవం చూపింది. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. దాని దగ్గరికి మళ్లీ రావాలి.

క్షయ ఒక్కటే కాదు. 1874లో లండన్‌లో థామస్ స్మిత్ పసికందుల కీళ్లలో హఠాత్తుగా చీము పట్టే జబ్బును వర్ణించాడు. తుంటిలో తొడ ఎముక ఎదిగే భాగం కీలు సంచి లోపలే ఉంటుంది. పసితనంలో రక్తనాళాలు ఎదుగుదల పలకను దాటి ఎముక తలలోకి పోతాయని ఎముకల సర్జన్ ట్రూయెటా 1950ల చివర్లో వివరించాడు. అందుకే ఎముకలో పుట్టిన చీము కీలులోకి సులువుగా దిగుతుంది, దాని ఒత్తిడికి తలకు రక్తం అందదు. జ్వరం తగ్గి బిడ్డ బతుకుతుంది. నడక వచ్చేసరికి తొడ ఎముక తల ఉండదు, ఎముక పైకి జారి ఉంటుంది. ఆ బిడ్డ ముప్పై ఏళ్ల మనిషై, ఒక కాలు నాలుగైదు సెంటీమీటర్లు పొట్టిగా, నడుము నొప్పితో సర్జన్ దగ్గరికి వస్తాడు. క్రిమి ఎప్పుడో పోయింది, అది చేసిన నష్టం మాత్రం అతనితో పాటే పెరిగింది.

కీలు మార్పిడికి తలుపు మళ్లీ తెరుచుకున్న చోటు ఇంగ్లండ్‌లోని రైటింగ్‌టన్. అది క్షయ రోగుల ఆసుపత్రి. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక మంచాలు ఖాళీ అవుతుంటే జాన్ చార్న్‌లీ అక్కడ తుంటి మార్పిడి కేంద్రం పెట్టాడు. తొడ ఎముక తల ఇమిడే చోట పెట్టిన టెఫ్లాన్ గిన్నెలు అరిగి విఫలమయ్యాక, 1962 నవంబరులో గట్టి పాలిథిలిన్ గిన్నెతో మొదలుపెట్టిన తుంటి ఇవాళ్టి తుంటి మార్పిడికి మూలం. మన విషయానికి అంతకంటే ముఖ్యమైనది ఆయన గాలి మీద పెట్టిన శ్రద్ధ. వడగట్టిన గాలి వీచే గదిలో, ఊపిరి బయటికి రాని దుస్తులతో ఆపరేషన్ చేస్తూ, ఇన్‌ఫెక్షన్ రేటును సుమారు 7 శాతం నుంచి 1 శాతం లోపుకు దించాడు. 8,000కు పైగా ఆపరేషన్ల మీద జరిగి 1982లో వెలువడిన బ్రిటిష్ పరిశోధన కూడా శుభ్రమైన గాలి లోతు ఇన్‌ఫెక్షన్లను సగానికి పైగా తగ్గించిందని తేల్చింది. హాంబర్గ్‌లో బుక్‌హోల్జ్ ఎముక సిమెంటులో జెంటామైసిన్ కలిపాడు. అంటే గ్లుక్‌కు లేనివి మూడు సమకూరాయి: క్రిమిని చంపే మందు, క్రిమిని రానివ్వని గది, లోపలి నుంచే క్రిమితో పోరాడే సిమెంటు.

అయినా భయం పోలేదు, పోకూడదు కూడా. పాత ఇన్‌ఫెక్షన్ ఉన్న తుంటుల్లో చేసిన మార్పిడుల ఫలితాలు 1970ల చివరి నుంచి అచ్చవుతూ వచ్చాయి. సియోల్‌లో కిమ్ యంగ్ హూ బృందం చిన్ననాటి ఇన్‌ఫెక్షన్ ఉన్న 170 మంది తుంటి మార్పిడులను 2003లో విశ్లేషించింది. చాలాకాలం నిద్రాణంగా ఉన్న కీళ్లలో ఇబ్బంది ఎక్కువగా అరుగుదల, ఎముక క్షీణత రూపంలోనే వచ్చింది. ఇలాంటి అనుభవం నుంచే పదేళ్ల నిరీక్షణ మంచిదన్న మాట బలపడింది. అయితే దశాబ్దాల పాటు నిద్రపోయిన క్షయ, కీలు మార్చాక లేచిన సందర్భాలు నమోదై ఉన్నాయి కదా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. కానీ అంతకాలం తర్వాత కూడా లేవగలిగితే, పదేళ్ల గడువు దేనికి హామీ? గడువు కంటే పరీక్ష నమ్మదగింది: రక్తంలో వాపును పట్టిచ్చే సీఆర్‌పీ, కీలు నుంచి తీసిన నీరు, ఆపరేషన్‌లో తీసిన కణజాలం మీద కల్చర్, సూక్ష్మదర్శిని పరీక్ష, గంటల్లో ఫలితమిచ్చే జన్యు పరీక్ష. క్రిములన్నీ ఒకటి కావు. స్టెఫలోకాకస్ జాతి క్రిములు లోహం మీద దట్టమైన జిగురు పొర అల్లుకుని మందుకు అందకుండా దాక్కుంటాయి. క్షయ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది, లోహానికి అంతగా అంటుకోదు. 2005లో కొరియా పరిశోధకులు ఈ తేడాను ప్రయోగశాలలో చూపారు. క్షయ చురుగ్గా ఉన్న తుంటిలోనే ముందు మందులు ఇచ్చి, చెడిన భాగమంతా తొలగించి, కీలు అమర్చి, తర్వాత నెలల తరబడి మందులు కొనసాగించి మంచి ఫలితాలు పొందినట్టు భారతీయ సర్జన్లు 2009లో రాశారు. అదే ధైర్యం స్టెఫలోకాకస్ చీము ముందు ప్రమాదకరం. అక్కడ ముందు శుభ్రం చేసి, యాంటీబయాటిక్ సిమెంటు పెట్టి, క్రిమి పోయాకే రెండో ఆపరేషన్ చేయడం మేలు. ఒకే గడువు రెంటికీ పెట్టడం ఒకరికి అన్యాయం, ఇంకొకరికి అపాయం.

క్రిమి లేదని తేలాక సర్జన్ ఎదుట ఉండేది అసలు కష్టం. గిన్నె లోతు లేకుండా పలచబడి ఉంటుంది. తొడ ఎముక గొట్టం సన్నగా, వంకరగా ఉంటుంది. కాలు పొట్టిదై ఏళ్లు గడవడంతో కండరాలూ నరమూ ఆ పొడవుకే అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారిగా నాలుగు సెంటీమీటర్లకు మించి సాగదీస్తే సయాటిక్ నరం దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. అందుకే కొత్త గిన్నెను అసలు చోట పెట్టి, తొడ ఎముకలోంచే ఒక ముక్క తీసి పొడవు తగ్గిస్తారు. కాళ్లు పూర్తిగా సమానం కాకపోవచ్చని రోగికి ముందే చెప్పాలి. అతికించిన తుంటిని విప్పేటప్పుడు పిరుదు కండరం ఎంత మిగిలిందన్నది కీలకం. అది చచ్చిపోయి ఉంటే కొత్త కీలు కదులుతుంది గానీ చేతికర్ర వదలదు.

మరి నేల మీద కూర్చోవడం? కృత్రిమ తుంటి ఉన్నవారిని గొంతుక్కూర్చోవద్దనే చాలామంది సర్జన్లు చెబుతారు, తులి పద్ధతి ఆ స్వేచ్ఛ ఇస్తుంది. పొలంలో పనిచేసే మనిషికి, అదుపులోకి రాని చీముకు, మందులకు లొంగని క్షయకు ఆ పద్ధతి ఇప్పటికీ సరైనదేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ దాని ధర నిలకడలేని తుంటి, పొట్టి కాలు, జీవితాంతం కర్ర. ముప్పై ఏళ్ల మనిషికి ఈ రెండు దారులూ, ఒక్కొక్కదాని ధరా విప్పి చెప్పాలి. కృత్రిమ కీలు ఎంచుకుంటే అరుగుదల వల్ల జీవితంలో ఒకసారైనా మళ్లీ మార్చవలసి రావచ్చనీ, ప్రతిసారీ ఎముక కొంత తగ్గుతుందనీ చెప్పాలి. పదేళ్లు నిండలేదన్న ఒక్క కారణంతో ఆ మాట కూడా ఎత్తకుండా వెనక్కి పంపితే, తన కాలి గురించి తాను నిర్ణయించుకునే అవకాశమే అతనికి దక్కదు.