డాలరుకో ఓటు

1960ల్లో టొరంటోలోని బ్లూర్ వీధి పడమటి కొస దుకాణాలకు వెంటవెంటనే రెండు దెబ్బలు తగిలాయి. 1964లో యార్క్‌డేల్ మాల్ తెరిచారు. కారున్న కుటుంబాలు అటు మళ్లాయి. 1966లో మొదలై 1968లో ఇంకా పడమరకు సాగిన సబ్‌వే, ట్రామ్‌లో కూర్చుని షాపుల అద్దాలు చూసుకుంటూ వెళ్లే జనాన్ని భూమి కిందికి పట్టుకుపోయింది. వీధికి దీపాలు, చెట్లు, బెంచీలు పెట్టి జనాన్ని మళ్లీ రప్పిద్దామని దుకాణదారులు చందాలు మొదలుపెట్టారు. వర్తక సంఘం నడిపినవారెవరికైనా ఆ తర్వాతి కథ తెలుసు: ఇచ్చేవాళ్లు కొందరు, తప్పించుకునేవాళ్లు కొందరు, వెలుతురు మాత్రం అందరి గుమ్మాల ముందూ పడుతుంది. అందుకే వాళ్లు ప్రభుత్వాన్ని ఒక చట్టం అడిగారు. వీధిలోని వ్యాపార స్థలాలన్నిటి మీదా అదనపు రుసుము వేయాలి, దాన్ని నగరమే పన్నుతోపాటు వసూలు చేయాలి, తిరిగి ఆ వీధి మండలికే ఇవ్వాలి. అలా 1970లో బ్లూర్ వెస్ట్ విలేజ్ ప్రపంచంలోనే మొదటి వ్యాపార అభివృద్ధి మండలం అయింది. ఈరోజు ఒక్క టొరంటోలోనే అలాంటివి 80కి పైగా ఉన్నాయి.

ఈ ఏర్పాటు 1970ల్లోనే న్యూ ఆర్లీన్స్ డౌన్‌టౌన్‌కు, తర్వాత న్యూయార్క్‌కు పాకింది. 1994లో కాలిఫోర్నియా దీనికి ప్రత్యేకంగా ఆస్తి, వ్యాపార అభివృద్ధి మండలాల చట్టం చేసింది. సాధారణంగా వీటి మంచిచెడ్డలను ఫుట్‌పాత్ ఎంత శుభ్రంగా ఉందన్నదాన్ని బట్టి తేలుస్తారు. నా దృష్టిలో అసలు చూడాల్సింది ఓటు ఎవరిదన్నది. టొరంటో నుంచి కాలిఫోర్నియా చేరేసరికి మారింది అదే. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రపు చట్టంలో షాపు అద్దెకు తీసుకుని ఆ పన్ను భారం మోసేవాడూ సభ్యుడే. ఎన్ని భవనాలున్నా సభ్యుడికి ఒకటే ఓటు. మండలి సభ్యులను నియమించేదీ, బడ్జెట్‌కు ఒప్పుకోలు ఇచ్చేదీ నగర కౌన్సిల్. కాలిఫోర్నియాలో ఆస్తి మీద రుసుము వేసే మండలం పెట్టాలంటే ముందు పిటిషన్. మొత్తం రుసుములో సగానికి మించి కట్టబోయే యజమానులు దాని మీద సంతకాలు చేయాలి. ఏ ఒక్క యజమాని వాటానూ 40 శాతానికి మించి లెక్కలోకి తీసుకోరు, అదొక్కటే కట్టడి. ఆపైన, 1996లో ప్రజలు ఆమోదించిన ప్రతిపాదన 218 ప్రకారం, యజమానులకు తపాలాలో బ్యాలెట్లు వెళ్తాయి, బహిరంగ విచారణ జరుగుతుంది. అక్కడ లెక్కపెట్టేది తలలను కాదు, డాలర్లను. పది వేలు కట్టేవాడి బ్యాలెట్ వెయ్యి కట్టేవాడి బ్యాలెట్‌కు పదింతలు తూగుతుంది. మండలంలో నగరానికి భవనాలుంటే వాటికీ బ్యాలెట్ వస్తుంది. అంటే మండలాన్ని ఆమోదించాల్సిన నగరమే అందులో ఓటరు కూడా!

ఈ మండలాలు చేసిన మేలును కాదనడం అన్యాయం. న్యూయార్క్‌లో పబ్లిక్ లైబ్రరీ వెనకున్న బ్రయంట్ పార్క్ 1970ల్లో మాదకద్రవ్యాలు అమ్ముకునే చోటు. గుబురు కంచెలూ ఇనుప కమ్మీలూ బయటివాళ్ల కంటికి లోపల ఏం జరుగుతోందో కనబడనిచ్చేవి కావు. నగరాల్లోని బహిరంగ స్థలాలను అధ్యయనం చేసిన విలియం వైట్ సలహా మీద, అక్కడి మండలం ఆ అడ్డంకులు తీసి, దారులు వెడల్పు చేసి, నేలకు బిగించని తేలికపాటి ఆకుపచ్చ మడతకుర్చీలు వేసి 1992లో మళ్లీ తెరిచింది. ఎండ కావాలన్నవాళ్లు ఎండలోకి, నీడ కావాలన్నవాళ్లు నీడలోకి కుర్చీ జరుపుకుంటారు, ఏమీ కొననక్కర్లేదు. కానీ ఇదే యంత్రాంగం ఇంకో పనీ చేయగలదు. లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో ఊదారంగు చొక్కాలతో సైకిళ్ల మీద తిరిగే కాపలాదారులు మండలం జీతగాళ్లు. కాలిఫోర్నియాలోని సుమారు 200 మండలాల మీద 2018లో బర్క్‌లీ న్యాయ కళాశాల వెలువరించిన అధ్యయనం, ఇల్లులేనివాళ్లను బహిరంగ స్థలాల నుంచి దూరంగా పెట్టే చట్టాల కోసం మండలాలు ఒత్తిడి తెస్తున్నాయని తేల్చింది. ఆ ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికి గానీ, పళ్లు అమ్ముకునేవాడికి గానీ, పై అంతస్తులో అద్దెకుండేవాడికి గానీ బ్యాలెట్ రాదు.

డబ్బు కట్టేవాడిదే మాట కావడంలో తప్పేముంది అంటారు. న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ మండలం మీద అక్కడి నివాసులు మనిషికో ఓటు కావాలని వేసిన కేసులో 1998లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కూడా దాదాపు ఇదే అంది: మండలం అధికారాలు పరిమితం, నగరం అదుపులో ఉంది, భారం యజమానుల మీద ఉంది కాబట్టి వాళ్లకు పైచేయి ఉండొచ్చు. తీర్పు చట్టం మేరకు సరైనదే కావచ్చు. కానీ భారం యజమాని దగ్గరే ఆగిపోతుందా? వ్యాపార అద్దె ఒప్పందాల్లో ఆస్తిపన్నునూ ఇలాంటి రుసుములనూ అద్దెదారు మీదికి నెట్టడం అమెరికాలో మామూలే. కట్టేది ఒకరు, ఓటు వేసేది ఇంకొకరు. యజమానులకు బరువు ఇవ్వకపోతే అసలు మండలమే పుట్టదన్న వాదనకు టొరంటోలోని 80 మండలాలే జవాబు. ఇంగ్లండ్ కూడా 2003 చట్టంలో వ్యాపారులకే ఓటు ఇచ్చి, పోలైన ఓట్లలో తలల లెక్కా, వాళ్ల స్థలాల పన్ను విలువ లెక్కా రెండూ నెగ్గితేనే మండలం అంది. అక్కడా మండలాలు ఆగలేదు.

కాలిఫోర్నియా చట్టంలో మొదటి గడువు ఐదేళ్లు దాటదు, పునరుద్ధరిస్తే పదేళ్లు. అంటే ప్రతి మండలం మళ్లీ సంతకాల కోసం రావాల్సిందే. అమెరికా డౌన్‌టౌన్లలో షాపులూ భవనాలూ ఉన్న తెలుగువాళ్లకు నా విన్నపం ఒకటే: ఆ పిటిషన్ మీ చేతికి వచ్చినప్పుడు చీపుళ్లకు ఎంత, కాపలాకు ఎంత అని చూసి ఊరుకోకండి, పాలకమండలిలో అద్దెదారుకు కుర్చీ ఉందా అని అడిగి, ఉంటేనే సంతకం పెట్టండి.