బండి మీద అక్షరం

నెల్లూరు జిల్లాలోని శిలాశాసనాలను, రాగి రేకులను బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి గార్లు సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించిన సంగతి చరిత్ర మీద అభిమానం ఉన్న మిత్రులకు తెలిసినదే. రాతి మీది అక్షరానికి ఆ అదృష్టం పట్టింది. మన కళ్ల ముందు ఊరూరా తిరిగిన మరో రకం శాసనాలు ఉన్నాయి. అవి లారీల మీద, ఆఫీసు జీపుల మీద, చేపల వ్యాన్ల మీద పెయింటర్లు చేత్తో రాసిన రాతలు. రంగు వెలిసిపోతే గీకి మళ్లీ రాసేవారు, బండి తుక్కు కిందకు పోతే రాత కూడా దానితోనే పోయేది. వాటి చరిత్ర నాకు తెలిసినంతవరకు ఇక్కడ చెబుతాను.

చట్టం రాయించిన రాత

బండి మీద రాత అంటే యజమాని సరదా అనుకుంటాం. అందులో సగం చట్టం రాయించినదే. 1939 నాటి మోటారు వాహనాల చట్టం సరకు బండ్లను రెండుగా విడదీసింది. కిరాయికి తిరిగేది పబ్లిక్ కారియర్, సొంత సరకు మోసుకునేది ప్రైవేటు కారియర్. లారీ నొసట 'పబ్లిక్ కారియర్' అన్న మాటలు అలా వచ్చాయి. 1988 చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చి ఈ తేడాను తీసివేసింది. చట్టంలో పోయిన మాట లారీల మీద మాత్రం చాలా ఏళ్లు నిలిచింది.

1975లో నేషనల్ పర్మిట్లు వచ్చాయి. 1989 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అప్పట్లో ఆ పర్మిట్ గల లారీకి ఎండుటాకు రంగు వేయాల్సి ఉండేది, చుట్టూ 30 సెంటీమీటర్ల తెల్ల అంచు ఉండాల్సి వచ్చేది, రెండు పక్కలా 60 సెంటీమీటర్ల వలయంలో 'నేషనల్ పర్మిట్' అని రాయాల్సి ఉండేది. లారీలన్నీ ఒకే గోధుమ రంగులో ఎందుకుండేవని మన పిల్లలు అడిగితే జవాబు ఇదే. వీటితో పాటు ఖాళీ బండి బరువు, సరకుతో కలిపిన బరువు, నంబరు కూడా ఉండాలి. 1989 జూలైలో నంబర్ల పద్ధతి మారి మన జిల్లాకు ఏపీ 26 వచ్చింది. ఆఫీసు రిజిస్టరులో గుమాస్తా రాసిన నంబరును రోడ్డు మీదకు తెచ్చినవాడు పెయింటరే.

యజమాని రాయించిన రాత

చట్టం వదిలిన జాగాలో యజమాని తన మనసు రాయించుకునేవాడు. అద్దం పైన ఇలవేలుపు పేరు, తలుపు మీద పిల్లల పేర్లు, ముందు దిష్టి బొమ్మ, వెనుక తామరపూలు, 'నిదానమే ప్రధానం', 'సౌండ్ హారన్'. మహారాష్ట్రలో 'హారన్ ఓకే ప్లీజ్' అన్న రాత హారన్ మోతను ప్రోత్సహిస్తోందని 2015లో అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒక మాట అంత దూరం వెళ్లిందంటే లారీ వెనుక రాతను ఎంతమంది చదివేవారో ఊహించుకోవచ్చు.

కోట ప్రాంతపు బండ్లు గూడూరు మీదుగా మద్రాసు–కలకత్తా ట్రంకు రోడ్డు ఎక్కేవి. గూడూరు నిమ్మకాయలు, అభ్రకం, ధాన్యం, కోట–చిల్లకూరు వైపు సిలికా ఇసుక, తరువాత రొయ్యలు వాటి సరకు. బాడీ కట్టించడానికి ఉత్తరాన 1966లో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్, దక్షిణాన నామక్కల్ ఉండేవి. ఏటా చేసే మరమ్మతు రంగు, పేర్ల మార్పు మాత్రం ఊరి పెయింటరు చేతి మీదుగానే జరిగేవి.

ఆఫీసు జీపు

1966లో అధికార భాషా చట్టం వచ్చాక బోర్డులు, జీపులు క్రమంగా తెలుగులోకి మారాయి. కుటుంబ నియంత్రణ ప్రచారం వచ్చినప్పుడు ఆరోగ్యశాఖ వ్యాన్ల మీద తలకిందులు ఎర్ర త్రికోణం వెలిసింది. తెలుగు రాత తేలిక కాదు. 'ఆంధ్రప్రదేశ్' అని రాయాలంటే ఒత్తులకు కింద, దీర్ఘాలకు పైన చోటు వదలాలి. ఇంగ్లీషు అక్షరాలకు రెండు గీతలు చాలు, మనకు నాలుగు కావాలి.

నేను పనిచేసిన కార్యాలయంలో ఈ పనికి కంటింజెన్సీ బిల్లు పెట్టేవాళ్లం. అక్షరానికి ఇంత అని లెక్క, రెవెన్యూ స్టాంపు మీద పెయింటరు సంతకం. జీపును పనికిరానిదిగా తేల్చి వేలం వేస్తే, కొన్నవాడు ముందు ఆ పెయింటరునే పిలిచి ప్రభుత్వం పేరు చెరిపించేవాడు. నెల తిరిగేసరికి అదే బండి కొత్త రంగుతో రొయ్యల మేత మోస్తూ కనిపించేది. గడువు తీరిన వోచర్లను నిబంధన ప్రకారం చించివేసేవాళ్లం. పెయింటరు పేరు ఉన్న కాగితం ఆఫీసులో అదొక్కటే.

పాత వ్యాను, కొత్త రూపం

రాజకీయాలు మన పత్రికకు వద్దు గాని, పాత వ్యాను మాట వచ్చినప్పుడు 'చైతన్యరథం' పేరు చెప్పక తప్పదు. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావు గారు ఒక పాత షెవర్లే వ్యానును మార్పించి, పైకెక్కి మాట్లాడే వీలు చేయించి రాష్ట్రమంతా తిరిగారు. నడిపినది కుమారుడు హరికృష్ణ. నంబరు ఏబీఆర్ 7776. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. పాత బండికి రంగు, పేరు పెడితే జనం దాన్ని పేరు పెట్టి పిలుస్తారని రాష్ట్రమంతా చూసింది. ఆ తరువాత ఎన్నికలు వస్తే పెయింటర్లకు నిద్ర ఉండేది కాదు.

చేతి పని

పని వరుస ఇది. తుప్పు గీకి, ఎమిరీ కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, సొట్టలకు లప్పం పెట్టి, మళ్లీ రుద్ది, రెండు పూతలు ఎనామిల్ రంగు వేయాలి. ఆరాక సుద్దపొడి అద్దిన దారాన్ని లాగి వదిలితే గీత పడుతుంది. ఆ గీతల మధ్య సుద్దముక్కతో అక్షరం గీసుకుని, ఉడుత వెంట్రుకల బ్రష్‌తో రంగు నింపి, చివర ఒక పక్క నీడ వేస్తారు. చెయ్యి వణకకుండా మణికట్టు కింద ఒక కర్ర. గుండ్రని సున్న ఒకే విసురులో రావడానికి కుర్రవాడికి ఏళ్లు పట్టేది.

ఇప్పుడు

కంప్యూటరు కోసిన స్టిక్కరు వచ్చాక ఈ పని తగ్గింది. ఫ్లెక్సీ బోర్డులు మరికొంత పట్టుకుపోయాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మే బండ్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు తప్పనిసరి అయింది కనుక నంబరు రాసే పనీ పోయింది. చట్టం ఇచ్చిన పనిని చట్టమే తీసుకుంది. భద్రత కోసం అది అవసరమే, కాదనను. కాని ఆ చేతి సంగతి ఎవరు చూశారు?

మనకు నెల తిరిగితే పింఛను వస్తుంది, కరువు భత్యం పెరగకపోతే మహజరు ఇస్తాం. మన జీపుల మీద ప్రభుత్వం పేరు రాసినవాడికి సర్వీసు రిజిస్టరు లేదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం గోడకు రంగు వేసేవాడిని కార్మికుడిగా లెక్కించింది, లారీకి వేసేవాడిని లెక్కించలేదు. అర్హత ఉంటే అతనికి దక్కేది వృద్ధాప్య పింఛను, 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. దానికైనా దరఖాస్తు, వయసు రుజువు కావాలి. దరఖాస్తులు రాయడంలో మనకంటే అనుభవజ్ఞులు ఎవరున్నారు? మీ వీధిలో వయసు మళ్లిన పెయింటరు ఉంటే ఆ సాయం చేయండి. 59 ఏళ్లలోపు వారిని 2021లో మొదలైన ఇ-శ్రమ్‌లో నమోదు చేయించండి.

మరొక మనవి. పెళ్లి ఫోటోల్లో, ఆఫీసు గ్రూపు ఫోటోల్లో వెనుక నిలబడిన జీపు, లారీ, వ్యాను ఉంటాయి. వాటి వెనుక సంవత్సరం, ఊరు, రాసిన పెయింటరు పేరు గుర్తుంటే పెన్సిలుతో రాసిపెట్టండి. మన సంఘం బోర్డు రంగు వెలిసిందని కార్యవర్గంలో అనుకుంటున్నారు. ఈసారి ఫ్లెక్సీ వద్దు, చేత్తో రాయిద్దామని నా ప్రతిపాదన. బలపరిచేవారు వచ్చే సమావేశంలో చెయ్యెత్తండి.